రొవీనా అడిగిన రోజు

ఎడ్నలిన్ ఫాలాన్ నోట అబద్ధం రాదని మియాగావ్‌లో ఎవర్నడిగినా చెబుతారు. పద్దెనిమిదేళ్ళు ఆ ఊరి ప్రభుత్వ బడిలో మూడో తరగతి చెప్పింది. మేయరుగారి బంధువులు వచ్చి వరండాలో గంటసేపు కూర్చున్నా వాళ్ళ పిల్లవాడికి అరమార్కు కలపలేదు. చర్చిలో ఆమె ఒప్పుకునే పాపాలు వింటుంటే పాదిరీకి ఆవలింతలొస్తాయని బావగారు వేళాకోళం చేసేవాడు. పెళ్ళి చేసుకోలేదు. అక్కా బావల ఇంట్లోనే ఒక గది, సముద్రం వైపు కిటికీ, ఇస్త్రీ చేసిన ఆరు జతల బట్టలు. అంతే ఆమె సంసారం.

నలభై నాలుగో ఏట గొంతు పోయింది. యాభై రెండు మంది పిల్లల గోలలో ఏళ్ళ తరబడి అరిచి అరిచి గొంతులో కాయలు కాశాయన్నాడు డాక్టరు. ఇకమీదట అరిస్తే మాటే ఉండదన్నాడు. అప్పుడే ఇలోయిలో సిటీలో ఒక కంపెనీ వాళ్ళు ఇంగ్లీషు టీచర్ల కోసం చూస్తున్నారని తెలిసింది. జపాన్ వాళ్ళకీ కొరియా వాళ్ళకీ తెర మీద ఇంగ్లీషు మాట్లాడటం నేర్పాలి. ఒక్కో పాఠం ఇరవై అయిదు నిమిషాలు. చెవులకి హెడ్‌ఫోన్, నోటి దగ్గర మైకు. గుసగుసగా మాట్లాడినా ఒసాకాలో వినిపిస్తుంది. ఎడ్నలిన్‌కి ప్రాణం లేచొచ్చింది.

అయిదేళ్ళు తిరిగేసరికి పాఠాల పర్యవేక్షణ ఆమె చేతికిచ్చారు. ఆమెతో కలిపి రెండు వందల పద్దెనిమిది మంది టీచర్లు. రోజుకి పది పాఠాలు విని ఎవరు ఎక్కడ బాగా చెప్పారో, ఎక్కడ తడబడ్డారో రాసిపెట్టడం ఆమె పని. ఆ విన్నవాళ్ళలో ఆమె చెవిని కట్టిపడేసింది గింబాల్ ఊరి రొవీనా గెల్వెజోన్.

రొవీనాకి ముప్ఫై ఆరేళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. మొగుడు కరెంటు స్తంభాలెక్కే పనిలో ఉన్నాడు. టీచరు పరీక్ష ఎప్పుడో పాసై, ప్రభుత్వ బడిలో చోటు కోసం తొమ్మిదేళ్ళుగా వరసలో నిలబడి ఉంది. ఆమె పాఠం చెప్పే తీరే వేరు. విద్యార్థి మాట దొరక్క తడుముకుంటే ఆమె అందించేది కాదు. తల వంచుకుని కలం మూత పెడుతూ తీస్తూ ఊరుకునేది. ఆ ఊరుకోవడంలో తొందరపెట్టడం ఉండేది కాదు. అప్పటికీ మాట రాకపోతే తన కథ ఒకటి ఎత్తుకునేది. చిన్నప్పుడు బడికొచ్చిన ఇన్‌స్పెక్టరు మీ అమ్మ ఏం చేస్తోందని అడిగితే, మా అమ్మ చికెన్‌లో కూర్చుని కిచెన్ వేయిస్తోందని చెప్పిందట. అది విని జపాన్‌లో, సెందాయ్‌లో ఉండే హమాగుచి అనే పెద్దాయన, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ నవ్వు ఆగేసరికి పోయిన మాట దానంతటదే ఆయన నోట్లోకి వచ్చేది.

మధ్యాహ్నం భోజనాలు ఇద్దరూ కలిసే చేసేవారు. రొవీనా ఎండుచేప తెస్తే ఎడ్నలిన్ పచ్చిమామిడికాయ ముక్కలు తెచ్చేది. ఎడ్నలిన్‌ని ఆమె మొదటిరోజు నుంచీ మానాంగ్, అంటే అక్కా, అనే పిలిచింది. తోడబుట్టిన అక్క మీదొట్టు, సొంత చెల్లెలు కూడా ఇంత చనువుగా ఉండదనుకునేది ఎడ్నలిన్.

ఆ ఏడు మార్చిలో మేనేజర్ క్రిస్టెల్ ఎడ్నలిన్‌ని పిలిచి వేరే గది ఇచ్చింది. టీచర్ల పాఠాలన్నీ రికార్డయి ఉన్నాయి. వాటిల్లోంచి మంచివి ఏరి, టీచరు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఏ తప్పు దిద్దింది, ఏది చూసీ చూడనట్టు వదిలేసింది, వాక్యం వాక్యానికీ పక్కన రాయాలి. ఎడ్నలిన్‌కి ఆ పని పండగలా ఉంది. ఇరవై మూడేళ్ళుగా తనకి తెలిసి కూడా ఎవరికీ చెప్పలేకపోయిన విద్య అది. దాన్ని మాటల్లో పెట్టమని ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు. మొదటి వారంలో అందరివీ ఏరింది. రెండో వారానికల్లా ఎక్కువగా రొవీనావే ఏరుతోంది.

మూడో వారంలో అనుమానం వచ్చి అడిగింది.

“ఇదంతా దేనికి, మేడమ్?”

క్రిస్టెల్ ముప్ఫై ఒక్కేళ్ళ పిల్ల. చెడ్డది కాదు. తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది. కొరియా పిల్లలు సగం మంది అప్పుడే పాఠాలు మానేశారని చెప్పింది. మాట్లాడే యంత్రాలు ఫోనులోనే ఊరికే దొరుకుతుంటే డబ్బు కట్టి ఎవరొస్తారంది. కంపెనీ నిలబడాలంటే తమకీ ఒక యంత్రం ఉండాలి, అది మిగతావాటిలా పుస్తకం అప్పజెప్పినట్టు కాకుండా మన టీచర్లలా మాట్లాడాలి, దానికే ఈ రాతకోతలన్నీ అంది.

“మరి టీచర్లు?”

“డిసెంబరు దాకా వాళ్ళు మనకి కావాలి, మేడమ్ ఎడ్నా. ఈ మాట ఈ గది దాటిందంటే రేపే అందరూ తలో దిక్కూ చూసుకుంటారు. పాఠాలు ఆగిపోతే ఉన్న విద్యార్థులు కూడా పోతారు. అప్పుడు మీరూ లేరు, నేనూ లేను. మీ కుర్చీకి మాత్రం ఢోకా లేదు. అది నేను మాటిస్తున్నా.”

ఎడ్నలిన్ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమంటే ఒప్పుకున్నట్టేనని ఇద్దరికీ తెలుసు. మర్నాడు మళ్ళీ ఆ గదిలోకే వెళ్ళి కూర్చుంది.

ఏప్రిల్‌లో ఒక సోమవారం భోజనాలయ్యాక సింకు దగ్గర గిన్నెలు కడుక్కుంటున్నారు. రొవీనా కుళాయి కట్టకుండానే అడిగింది.

“మానాంగ్, ఒక సంగతి. ఇంకా ఇంట్లో కూడా తేల్చుకోలేదు. బడి ఉద్యోగం వచ్చింది.”

“నిజంగా? ఎక్కడ?”

“తుబుంగాన్ కొండల్లో. వానాకాలం బండ్లు నడవవు. వారమంతా అక్కడే పడుండాలి, చిన్నదానికేమో ఇంకా నాలుగేళ్ళే. జీతం కూడా ఇక్కడికంటే తక్కువ. శుక్రవారం లోపు ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టాలి. లేకపోతే వరసలో నా వెనకున్నదానికి పోతుంది. నువ్వు లోపల పెద్దవాళ్ళతో కూర్చుంటావు కదా. ఇక్కడ మనకి భయమేం లేదంటావా? యంత్రాలొస్తున్నాయని అందరూ ఒకటే గోల.”

ఎడ్నలిన్ చేతిలో సబ్బు నురగ. పక్కనే ఇంకో టీచరు కాఫీ కప్పు పట్టుకుని వంతు కోసం నిలబడింది. ఎడ్నలిన్ నురగ కడిగేసుకుంది.

“నీలాంటిదాన్ని ఎవరే వదులుకుంటారు? విద్యార్థులు నీకిస్తున్న మార్కులు చూశావా? చంటిదాన్నొదిలి ఆ కొండలెక్కడం ఎందుకు? ఉండు.”

రొవీనా ముఖం తేటపడింది. “నువ్వన్నావు చాలు” అని కుళాయి కట్టేసింది. శుక్రవారం వచ్చింది, పోయింది. ఆమె సంతకం పెట్టలేదు.

ఆ నాలుగు వాక్యాల్నీ ఎడ్నలిన్ తర్వాత వెయ్యిసార్లు విడదీసి చూసుకుంది. నీలాంటిదాన్ని ఎవరు వదులుకుంటారని అడిగింది, వదులుకోరని చెప్పలేదు. మార్కులు బాగున్నది నిజమే. చంటిపిల్ల ఉన్నదీ నిజమే. “ఉండు” అన్నది అబద్ధం ఎలా అవుతుంది? పాఠం అప్పజెప్పిన పిల్లలా ఇలా తనకి తాను జవాబులు చెప్పుకునేది. ఒక్క జవాబూ నిలిచేది కాదు. గది దాటకూడదన్న మాటకి కట్టుబడ్డానని సరిపెట్టుకుందామన్నా కుదరలేదు. ఎందుకంటే ఆ క్షణంలో ఆమెకి గుర్తొచ్చింది క్రిస్టెల్‌కిచ్చిన మాట కాదు. బల్లమీద సగంలో ఉన్న పని. రొవీనా వెళ్ళిపోతే కొత్త పాఠాలు రావు, ఇంత బాగా వస్తున్న పని బోసిపోతుంది. ఆ తర్వాత ఇంకొకటి, రేపటి నుంచి మధ్యాహ్నం ఒంటరిగా తినాలి. ఈ రెండూ తెలిసి ఆ తల్లిని ఉండమంది.

అక్టోబరులో యంత్రం తయారైంది. దానికి మిస్ వివి అని పేరు పెట్టారు, తెర మీద నవ్వుముఖం బొమ్మ కూడా గీశారు. పరీక్ష కోసం కొందరు విద్యార్థులకి ఇచ్చి చూశారు. వాళ్ళలో సెందాయ్ హమాగుచిగారొకరు. ఎలా ఉందో వినమని ఎడ్నలిన్‌కి ఆ రికార్డు ఇచ్చారు.

పెద్దాయన మనవరాలి పెళ్ళి గురించి చెబుతూ మధ్యలో ఒక మాట దొరక్క ఆగాడు. యంత్రం అందించలేదు. ఊరుకుంది. ఎంతసేపు ఊరుకోవాలో అంతసేపే ఊరుకుంది. ఆ తర్వాత మెత్తగా, “ఫరవాలేదు, నేను నేర్చుకునే రోజుల్లో ఇంతకంటే నవ్వులాటైన తప్పు చేశాను, చెప్పమంటారా?” అంది. పెద్దాయన నవ్వాడు. మాట వచ్చేసింది.

ఆ చోట ఏం రాసిందో ఎడ్నలిన్‌కి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ‘ఇక్కడ టీచరు తప్పు దిద్దదు. తన తప్పొకటి చెప్పుకుంటుంది. విద్యార్థి సిగ్గు పోతుంది. ఇదే పద్ధతి.’ ఆ యంత్రానికి నేర్చుకునే రోజులెక్కడివి? ఇన్‌స్పెక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడిన చిన్నపిల్ల ఎక్కడిది? హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టి బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఏడుపు రాలేదు. బయటికొచ్చి ‘చాలా బాగుంది’ అని రాసిచ్చింది, బాగుంది కాబట్టి.

జనవరి రెండో వారంలో టీచర్లకి ఫోన్లలో సందేశం వచ్చింది. రెండు వందల పదకొండు మందికి నెలాఖరుతో పని ఆఖరు. ఏడుగుర్ని ఉంచారు, యంత్రం చెప్పే పాఠాల్ని కనిపెట్టి ఉండటానికి. వాళ్ళలో ఎడ్నలిన్ ఒకరు. ఆఖరి రోజున అందరూ ఫొటోలు దిగారు, పాన్సిత్ నూడుల్స్ చేసి పంచుకున్నారు, కొందరు ఏడ్చారు. రొవీనా తన కప్పు, కలం, పిల్లల ఫొటో సంచిలో సర్దుకుని ఎడ్నలిన్ దగ్గరికొచ్చింది. వాటేసుకుని వీపు నిమిరింది.

“నువ్వైనా మిగిలావు, మానాంగ్. అదే మాకు సంతోషం. నువ్వేం బాధ పెట్టుకోకు.”

నన్ను తిడితే బాగుండును దేవుడా అనుకుంది ఎడ్నలిన్. ఆ చెయ్యి వీపుమీద ఉన్నంతసేపూ తేలు కుట్టిన దొంగలా కదలకుండా నిలబడింది.

ఫిబ్రవరిలో చర్చికెళ్ళి పాదిరీకి అంతా చెప్పుకుంది. ఆయన ఈసారి ఆవలించలేదు. ఓపిగ్గా విని, మీరొక్కరూ ఏం ఆపగలిగేవారు, కాలం అలా వచ్చింది, దేవుడు క్షమించేవాడు అని జపమాల రెండుసార్లు తిప్పమన్నాడు. తిప్పింది. మనసు తేలిక పడలేదు. అన్యాయం జరిగింది దేవుడికైతే కదా ఆయన క్షమించడానికి.

ఇంతలో ఎవరో చెప్పారు, రొవీనా గింబాల్ బడి క్యాంటీన్‌లో పనికి కుదిరిందని. పిల్లలకి గంజన్నం పోసి గిన్నెలు కడుగుతోందిట. తుబుంగాన్ ఉద్యోగం ఆమె వెనక వరసలో ఉన్న ఇరవై నాలుగేళ్ళ అమ్మాయికి పోయింది. ఆ అమ్మాయి వారాంతాల్లో గింబాల్ బజారులో కనిపిస్తుంటుందిట.

మార్చిలో ఒక శనివారం ఎడ్నలిన్ జీప్నీ బండి ఎక్కి గింబాల్‌లో దిగింది. రొవీనా పెరట్లో బట్టలారేస్తోంది. చూడగానే ముఖమంతా నవ్వయింది. లోపలికి తీసుకెళ్ళి ఫ్యాను తిప్పి పెట్టి, పొయ్యి మీది కూర దింపి వచ్చింది. పచ్చికందులూ పనసకాయా పంది మాంసమూ వేసి వండిన కూర. పెద్దపిల్ల వచ్చి ఎడ్నలిన్ చెయ్యి తీసుకుని దణ్ణం పెట్టినట్టు నుదుటికి ఆనించుకుని వెళ్ళింది. రొవీనా అన్నం వడ్డించబోతుంటే ఎడ్నలిన్ పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“ముందు నేను చెప్పేది విను. తర్వాత పెట్టబుద్ధయితే పెట్టు.”

అన్నీ చెప్పింది. నిరుడు మార్చిలో ఇచ్చిన గది, ఏరిన పాఠాలు, అందులో సగానికి పైగా రొవీనావే కావడం, పక్కన తాను రాసిన రాతలు, మిస్ వివి ఊరుకున్న తీరు. రొవీనా గరిటె చేత్తో పట్టుకునే వింది. విస్తుపోయినట్టుంది కానీ కోపం కనిపించలేదు. ఒకచోట చిన్నగా నవ్వింది కూడా.

“చికెన్ కథ దానికీ వచ్చా?”

“అదే కాదు. అలాంటిదే.”

“పోనీలే. నా పాఠాలు బాగుండబట్టేగా ఏరావు. కాల్ సెంటరు పిల్లలూ ఇదే ఏడుపు ఏడుస్తున్నారు. నువ్వు రాయకపోతే ఇంకొకరు రాసేవాళ్ళు.”

అక్కడితో ఆగిపోవచ్చు. ఆ మాట పట్టుకుని, అన్నం తిని, వాటేసుకుని ఇంటికెళ్ళిపోవచ్చు. ఎడ్నలిన్‌కి ఆ ఆశ పుట్టింది కూడా. కానీ రొవీనాయే ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు కళ్ళు చిన్నవి చేసింది.

“మార్చి అన్నావు కదూ. నేను నిన్ను సింకు దగ్గర అడిగింది ఏప్రిల్‌లో.”

“అవును.”

“అప్పటికి నీకు తెలుసు.”

“తెలుసు.”

గరిటె కూరలో పెట్టేసింది రొవీనా. ఫ్యాను అటు తిరిగి ఇటు తిరిగి వచ్చింది. పెరట్లో చిన్నపిల్ల కోడిపెట్టతో ఏదో మాట్లాడుతోంది.

“యంత్రానికి నువ్వేం నేర్పుకున్నా నాకు నొప్పి లేదు, మానాంగ్. అది నీ కొలువు. నేను అడిగింది కంపెనీ రహస్యం కాదు. వెళ్ళనా, ఉండనా అని అడిగాను. ‘ఏమో, నాకు తెలియదు’ అన్నా సరిపోయేది. నాకు నేనే ఆలోచించుకునేదాన్ని. నువ్వు ఉండమన్నావు.”

క్షమించమనే మాట ఎడ్నలిన్ నోటిదాకా వచ్చింది. అడగడానికి కూడా సిగ్గేసింది.

రొవీనా అన్నం పెట్టింది. ఇంటికొచ్చినవాళ్ళని పస్తు పంపడం ఆమె ఇంటా వంటా లేదు. తన పళ్ళెంలో మాత్రం పెట్టుకోలేదు. ఎడ్నలిన్ నాలుగు ముద్దలు మింగింది. గేటు దాకా వచ్చి, “జీప్నీ ఇప్పుడే వస్తుంది” అంది రొవీనా. ఎప్పుడూ అనే మాట, మళ్ళీ రా మానాంగ్ అన్న మాట, ఈసారి అనలేదు.

ఆ తర్వాత ఎడ్నలిన్ ఒక పని చేసింది. దాన్ని గొప్పగా చెప్పుకోవడం ఆమెకి ఇష్టం లేదు, ఇంట్లో కూడా చెప్పదు. ప్రభుత్వ బడుల్లో చోటు కోసం మళ్ళీ వరస కట్టేవాళ్ళకి ఎన్నాళ్ళు పాఠాలు చెప్పారో కాగితం కావాలి. పని పోయిన టీచర్లు అడిగితే కంపెనీ ఇవ్వనంది. మీరు మా ఉద్యోగులు కారు, పాఠానికింతని కూలికి వచ్చినవాళ్ళు, మీకు సర్టిఫికెట్లేమిటని. ఎవరెవరు ఏ రోజు ఎన్ని పాఠాలు చెప్పారో ఎడ్నలిన్ కంప్యూటర్లో అంతా ఉంది. పాఠాల పర్యవేక్షకురాలిగా ఆమె సంతకానికి విలువ కూడా ఉంది. పట్టపగలే, ఆఫీసు ప్రింటరు మీదే, తొమ్మిది రోజులు కూర్చుని రెండు వందల పదకొండు కాగితాలు తీసింది. ఒక్క గంట ఎక్కువ రాయలేదు, తక్కువ రాయలేదు. అన్నిటి కిందా సంతకం పెట్టింది.

నలభై కాగితాలు పంచేసరికే క్రిస్టెల్‌కి తెలిసింది. కేకలేం వేయలేదు.

“ఎవర్నడిగి ఇచ్చారు, మేడమ్ ఎడ్నా?”

“ఎవర్నీ అడగలేదు. అడిగితే వద్దంటారు. అందులో అబద్ధముంటే చూపించండి.”

అబద్ధం లేదని క్రిస్టెల్‌కీ తెలుసు. అయినా పైవాళ్ళు ఊరుకోరు, మీరే మానేసినట్టు రాసివ్వండి, నాకీ తలనొప్పి తప్పించండని బతిమాలింది. ఎడ్నలిన్ అక్కడే నిలబడి రాసిచ్చింది. మిగతా కాగితాలు అప్పటికే ఇంట్లో ఉన్నాయి.

రొవీనా తన కాగితానికి రాలేదు. మొగుణ్ణి పంపింది. నల్లటి బక్కపల్చటి మనిషి. ప్లాజా దగ్గర కవరు తీసుకుని టోపీ తీసి మరీ దండం పెట్టాడు. మీలాంటివాళ్ళు ఉండబట్టే మాబోటివాళ్ళం బతుకుతున్నాం అన్నాడు. రొవీనా ఇంట్లో ఏమీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది ఎడ్నలిన్‌కి. అతనితో ఎండ ఎక్కువగా ఉందంది.

ఆ కాగితాల్ని కొన్నిచోట్ల ఒప్పుకున్నారు, కొన్నిచోట్ల తెర మీద చెప్పింది పాఠమే కాదని పక్కన పడేశారు. పదిహేడు మందికి బడుల్లో చోటు దొరికిందని తర్వాత విన్నది. రొవీనాకి వరసలో పంతొమ్మిదో నంబరు వచ్చింది. ఆమె వైపు బడుల్లో ఉన్నవి పది చోట్లు. ఆగస్టులో ఎవరో టీచరు పురిటికి వెళితే ఆ మూడు నెలలకీ ఆమెని తీసుకున్నారు. కంపెనీ కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. మిస్ వివి లాంటివి ఫోను ఫోనుకీ వచ్చాక దాని దగ్గరికి మాత్రం ఎవరొస్తారు? మరుసటి ఏటికల్లా ఆ ఆఫీసున్న నాలుగో అంతస్తులో పళ్ళ డాక్టరు బోర్డు పెట్టారు. అంతోటిదానికా ఇదంతా అనిపించింది ఎడ్నలిన్‌కి. ఆ అనిపించడం కూడా ఒక సాకేనని ఊరుకుంది.

ఇప్పుడామె మియాగావ్‌లోనే చదవడం రాని పిల్లల్ని అయిదుగురి చొప్పున కూర్చోబెట్టుకుని చదివిస్తుంది. అయిదుగురైతే అరవనక్కర్లేదు. పిల్లలెవరైనా మాట దగ్గర ఆగిపోతే ఊరుకుని చూస్తుంది. సొంత కథ చెప్పాలని నోటిదాకా వస్తుంది కానీ చెప్పదు. ఆ పద్ధతి ఎవరిదో ఆమెకి తెలుసు.

పని మానేసిన ఏడే, సెప్టెంబరులో ఒకసారి సిటీ నుంచి తిరిగి వస్తుంటే జీప్నీ కిక్కిరిసి ఉంది. తిగ్బావన్ దాటాక చూసుకుంది, ఎదురు వరసలో చివరన రొవీనా. టీచరు యూనిఫాం వేసుకుంది, ఒళ్ళో చుట్టిన చార్టులు. ఎడ్నలిన్‌ని చూసింది. చూడనట్టు చూపు తిప్పుకోలేదు, నవ్వనూ లేదు. కాసేపటికి చార్జీ డబ్బులు తీసి ముందుకి చాపింది. డ్రైవరు దాకా చేతులు మారాలి, మధ్యలో ఉన్నది ఎడ్నలినే.

“ఇది కాస్త అందించు, మానాంగ్.”

ఎడ్నలిన్ అందుకుని ముందుకి అందించింది. చిల్లర వెనక్కి వస్తే తీసుకుని జాగ్రత్తగా రొవీనా చేతిలో పెట్టింది. జీప్నీలో తమకంటే పెద్ద ఆడవాళ్ళెవరినైనా అలాగే పిలుస్తారు, ముక్కూ ముఖం తెలియకపోయినా సరే. అందులో ఏముందో ఏం లేదో అడిగే హక్కు తనకి లేదని ఎడ్నలిన్‌కి తెలుసు. గింబాల్‌లో రొవీనా చార్టులు నలగకుండా పట్టుకుని దిగి, రోడ్డు దాటి, బడి ఉన్న వీధిలోకి వెళ్ళిపోయింది. ఖాళీ అయిన చోట ఎవరో చేపల బుట్టతో ఎక్కి కూర్చున్నారు. ఎడ్నలిన్ కాస్త జరిగి వాళ్ళ బుట్టకి చోటిచ్చింది.